ఆకు గేటు దాటకూడదు

పొద్దున్నే పెరడు ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి పొగ వచ్చింది. ఎండుటాకుల పొగ. ఒకసారి గొంతులో పట్టుకుందంటే మధ్యాహ్నం దాకా వదలదు. ఆ ఇంటివాళ్ళకి మొక్కలంటే ప్రాణం. పోయిన నెలలోనే గులాబీల కోసం నాలుగు బస్తాల కంపోస్టు తెప్పించుకున్నారు. ఇప్పుడు తగలబెడుతున్నదీ కంపోస్టే, ఇంకా అవ్వలేదంతే. ఈ మాట వాళ్ళతో రెండుసార్లు అన్నాను. మర్యాదగా నవ్వి, "చెత్తేగా అండీ, ఎన్నాళ్ళని పెట్టుకుంటాం" అన్నారు. గోడ దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

పెరడున్న ఇంట్లో కంపోస్టు అంటే ముందు ఆకు, ఆ తర్వాతే వంటింటి తొక్కలు. మనం దీన్ని తలకిందులు చేసుకున్నాం. కంపోస్టు గురించి ఎవరు చెప్పినా వంటింటి బకెట్టుతోనే మొదలుపెడతారు. కూరగాయల తొక్కలు వెయ్యండి, పైన ఒక పొడి చల్లండి, మూత పెట్టండి అంటారు. మూడో వారం మూత తీస్తే వాసన, అడుగున నల్లటి నీళ్ళు, బకెట్టు అంచుల మీద పాకుతున్న తెల్ల పురుగులు. "మాకు కుదరలేదండీ" అని వదిలేసినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది ఉన్నారు. అది వాళ్ళ చేతకానితనం కాదు. తొక్కల్లో నీరెక్కువ, నత్రజని ఎక్కువ, గాలి ఆడే సందు ఉండదు. వాటికి జోడీగా వెయ్యాల్సిన ఎండు సరుకు పెరట్లోనే రాలి పడి ఉంటుంది. దాన్ని ఊడ్చి పారేసి, అదే పని చెయ్యడానికి కొబ్బరి పొట్టూ రంపపు పొట్టూ ప్యాకెట్లలో కొనుక్కుంటాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ అతికినట్టు ఇంకెక్కడా అతకదు.

రాలిన ఆకు విలువ ఏమిటో చెట్టుకి బాగా తెలుసు. అందుకే దాన్ని ఊరికే వదులుకోదు. రాల్చే ముందు ఆకులో ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో కొంత భాగాన్ని వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుంటుంది. కాల్షియాన్ని అలా లాక్కోలేదు, అది ఆకుతో పాటే కిందికి వస్తుంది. వేళ్ళు లోతుల్లోంచి తోడి తెచ్చిన ఖనిజాలు అలా మట్టి పైపొరకి చేరతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది కార్బన్. ఎండిన ఆకు బరువులో సగానికి దగ్గరగా ఉండేది అదే.

నిప్పు పెడితే ఆ కార్బన్ దాదాపు మొత్తం, నత్రజనిలో చాలా భాగం గాల్లో కలిసిపోతాయి. బూడిదలో పొటాష్, కాల్షియం, కొంచెం భాస్వరం మిగులుతాయి. బూడిద కూడా ఎరువే కదా అనేవాళ్ళున్నారు. ఎరువే. కానీ మట్టిని గుల్లగా ఉంచేది, పడ్డ వాననీటిని పట్టి ఉంచేది, వానపాములకి తిండి పెట్టేది పొగలో పోయిన ఆ కార్బనే. పైగా ఆకుల కుప్ప భగ్గున మండదు, లోలోపల రగులుతూ గంటల తరబడి పొగ కక్కుతుంది. అలా అరకొరగా కాలినప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న రేణువులూ అప్పుడే ఎక్కువ పుడతాయి. ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్ళేవి ఇవే. మా ఇంట్లో ఉబ్బసం ఉన్న మనిషి ఉంది. గోడ అవతల అగ్గిపుల్ల గీసిన రోజున ఆమె కిటికీలన్నీ మూసుకుని కూర్చుంటుంది. అందుకే ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం నా వల్ల కాదు.

సంచుల్లో నింపి చెత్తబండికి ఇవ్వడం కాల్చడం కంటే మేలు. కాకపోతే ఆ బండి ఎక్కడికెళ్తుందో చూడాలి. కంపోస్టు చేసే చోటికి వెళ్తే సరే. డంపింగ్ యార్డులో టన్నుల చెత్త కింద కూరుకుపోతే గాలి తగలక అందులోంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 28 రెట్లు.

మా పెరట్లోంచి ఆరేళ్ళుగా ఒక్క ఆకు కూడా బయటికి పోలేదు. మొదటి ఏడాది మాత్రం అన్నీ తప్పులే చేశాను. ఆ వానాకాలం గడ్డి విపరీతంగా పెరిగింది. కోసిందల్లా ఒక మూల కుప్ప పోశాను. రెండు రోజుల్లో కుప్ప వేడెక్కితే పని జరుగుతోందని సంతోషపడ్డాను. వారం తిరిగేసరికి అదంతా అణిగిపోయి పైన చాపలా కట్టింది. ఆ చాప ఎత్తితే కింద ఆకుపచ్చటి జిగురు. మొదట అమ్మోనియా ఘాటు, తర్వాత కుళ్ళిన గుడ్ల కంపు. అదే ఏడాది ఇంకో మూల మామిడాకుల కుప్ప వేశాను. ఎనిమిది నెలల తర్వాత కదిలిస్తే ఆకులు పెళపెళమంటూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. రెండు కుప్పలకీ మధ్య పది అడుగుల దూరం. ఒకదానికి లేనిది రెండోదాని దగ్గర ఉందని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

కుళ్ళబెట్టే సూక్ష్మజీవికి కార్బన్ శక్తినిచ్చే తిండి. ఒళ్ళు పెరగడానికి నత్రజని కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కార్బన్ ఉంటే అది హాయిగా పెరుగుతుంది. పచ్చిగడ్డిలో కార్బన్ 15 నుంచి 20 పాళ్ళే ఉంటుంది. కూరగాయల తొక్కలూ ఇంచుమించు అంతే. ఎండుటాకుల్లో చెట్టుని బట్టి 40 నుంచి 80 దాకా ఉంటుంది. రంపపు పొట్టులో మూడు వందలు దాటుతుంది, అందుకే దాన్ని ధారాళంగా వేసిన కుప్పలు కదలవు. నత్రజని ఎక్కువైతే మిగిలింది అమ్మోనియాగా ఎగిరిపోతుంది, నా గడ్డి కుప్పలో ముక్కుకి తగిలింది అదే. తక్కువైతే పని బాగా నెమ్మదిస్తుంది, నా మామిడాకులకి జరిగినదాంట్లో ఒక భాగం అది.

ఇంట్లో ఎవరూ తూకాలు వేసి చెయ్యరు. గంప కొలత చాలు. ఒక గంప పచ్చిదానికి రెండు మూడు గంపల ఎండుటాకులు. నలిపిన ఆకులైతే రెండు, నలపనివి పొంగుగా ఉంటాయి కాబట్టి మూడు. కంపు కొడితే ఎండుది కలుపుతాను, చల్లబడి కదలకుండా ఉంటే పచ్చిది కలుపుతాను. పచ్చిదంటే నత్రజని ఎక్కువున్నది, రంగు చూసి అనుకునేది కాదు. పేడ రంగు ఆకుపచ్చ కాదు కానీ ఈ లెక్కలో అది పచ్చిదే. ఆకుపచ్చగా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టిన గడ్డిలోనూ నత్రజని చాలావరకు అలాగే ఉంటుంది.

నీళ్ళ సంగతి చేతితోనే తెలియాలి. బరువులో 50 నుంచి 60 శాతం తేమ ఉండాలంటారు. కుప్ప నడుమ నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి. కారితే ఎక్కువైనట్టు, ముద్ద కట్టకుండా రాలిపోతే తక్కువైనట్టు. ఎండుటాకుని తడపడం అనుకున్నంత తేలిక కాదు. పైన పోసిన నీళ్ళు పెంకుటింటి మీద వానలా ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదకి జారుతూ పక్కలకి పోతాయి, నడుమ మాత్రం పొడిగానే ఉంటుంది. ఎనిమిది నెలలు ఆ మామిడాకుల కుప్పకి పైపు పెట్టి తడిపాను. లోపలికి చుక్క దిగలేదు. ఇప్పుడు ముందురోజే ఆకులని పాత డ్రమ్ములో నానబెడతాను, లేదంటే జానెడు మందాన పరుస్తూ పొర పొరకీ తడుపుతాను. మందపాటి ఆకులైతే నానబెట్టే ముందు గోనెసంచిలో కుక్కి, మూతి కట్టి, పైన బాగా తొక్కుతాను. ఆకు మీద మైనం లాంటి పూత ఉంటుంది. అది పగిలితే నీళ్ళూ లోపలికి దిగుతాయి, సూక్ష్మజీవులూ దిగుతాయి.

రెండో ఏడాది గడ్డినీ ఆకునీ కలిపి వేశాను. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. అంతకంటే చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. మా అత్తయ్యకి ఈ వ్యవహారం మొదట్నుంచీ నచ్చలేదు. "తగలబెడితే పది నిమిషాల పనమ్మా. లేనిపోని పురుగూ పుట్రా పిలిచి కూర్చోబెడుతున్నావు" అనేవారు. కుప్ప నడిమధ్యకి ఇనుప గునపం దింపి వదిలేశాను. మూడో రోజు పొద్దున దాన్ని బయటికి లాగి, "అత్తయ్యా, ఒకసారి పట్టుకుని చూడండి" అన్నాను. కొన దగ్గర పట్టుకోబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గునపం తీసిన కన్నంలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. "లోపల నిప్పేమైనా పెట్టావా?" అన్నారు. థర్మామీటర్ దింపి చూస్తే 62 డిగ్రీలు. నిప్పేం లేదని, కంటికి కనబడని జీవాలు తిని అరిగించుకుంటున్న వేడి అని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు నేను లేచి వచ్చేసరికి కుప్ప పక్కన నిలబడి ఆ గునపాన్ని పైనుంచి కిందికి వేలితో తడిమి చూస్తున్నారు.

ఆ వేడిలో ఒక వరస ఉంటుంది. మామూలు వేడిలో బతికే బాక్టీరియా ముందుగా తేలిగ్గా అరిగే చక్కెరలూ పిండి పదార్థాలూ తింటాయి. ఆ జోరుకి కుప్ప 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు అవి తగ్గిపోయి, వేడిని ఇష్టపడే జాతులు లేస్తాయి. 55, 60, 65 దాకా తీసుకెళ్తాయి. 70కి చేరితే వాటికే ప్రాణం మీదకి వస్తుంది, కుప్ప తిరగేసి చల్లబరచాలి. ఆ దశలో పై పొర తీసి చూస్తే ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు బూజు పట్టి అంతా పాడైందని టెన్షన్ పడ్డాను. అవి ఆక్టినోమైసిటీస్. చూడటానికి బూజులా ఉన్నా అవీ ఒక రకం బాక్టీరియానే. తొలకరి వాన పడగానే వచ్చే మట్టి వాసన వీటి నుంచి పుట్టేదే, దాని పేరు జియోస్మిన్. లక్ష కోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళు ఉన్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. తయారైన కంపోస్టుని వాసన చూసి చెప్పడం వెనక ఇంత కథ ఉంది.

చాలామంది తోటి పెంపకందార్లతో నాకు పేచీ వచ్చేది తొందర దగ్గర. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బర్క్లీ పద్ధతి అని ఒకటుంది. సరుకంతా సన్నగా తరిగి, ఒకేసారి కుప్ప వేసి, నాలుగు రోజులు ఆగి, ఆ తర్వాత రోజు విడిచి రోజు తిరగేస్తే 18 రోజుల్లో కంపోస్టు అవుతుంది. అవుతుంది కూడా, నేను ఒకసారి చేసి చూశాను. అంతకు చాలా ముందే ఇండోర్ పద్ధతి ఉంది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లోని మొక్కల పరిశోధన సంస్థని నడిపిన ఆల్బర్ట్ హోవార్డ్, అక్కడి సహచరుడు యశ్వంత్ వాడ్ కలిసి దాన్ని కుదిర్చి 1931లో అచ్చు వేశారు. పంట వ్యర్థాలు, పేడ, పశువుల మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద పొరలుగా వేసి, మూడుసార్లు తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. చైనా రైతులు తరతరాలుగా చేస్తున్న ఎరువుల గురించి చదివిన చదువు దాని వెనక ఉంది.

ఈ రెండు పద్ధతుల మీదా నాకు గౌరవం ఉంది. కానీ పొలానికి గడువు ఉంటుంది. వచ్చే పంట వేసేనాటికి బండ్ల కొద్దీ ఎరువు సిద్ధం కావాలి. ఇంటి తోటకి అలాంటి గడువేం ఉంది? మూడు నెలల్లో అయ్యేది తొమ్మిది నెలల్లో అయితే ఏ మొక్కా ఎండిపోదు. ఆత్రమంతా మొదటి ఏడాదే. రెండో ఏడాది నుంచి ఎప్పుడూ ఏదో ఒక కుప్ప తయారై చేతికి అందుతూనే ఉంటుంది. 18 రోజుల మాట విని మొదలుపెట్టి, నాలుగో తిరగేతకి అలసిపోయి, ఇది మనవల్ల కాదని మళ్ళీ అగ్గిపెట్టె పట్టుకున్నవాళ్ళని చూశాను. అదే నా బాధ. వేగం నేర్పబోయి అసలు పనినే భారంగా చూపిస్తున్నాం.

ఆకుకి తిరగెయ్యడం కూడా అక్కర్లేదు. ఉత్త ఆకులని బాగా తడిపి, వైరు మెష్‌ని గుండ్రంగా చుట్టి నిలబెట్టి, అందులో కుక్కి వదిలేస్తే ఏడాది నుంచి రెండేళ్ళలో ఆకు ఎరువు అవుతుంది. వేడెక్కదు, వాసన రాదు. ఇక్కడ పని ప్రధానంగా శిలీంధ్రాలది. ఆకు ఈనెల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టడంలో శిలీంధ్రాలే ఘనాపాటీలు. వాటికి కావలసింది తేమ, నీడ, ఎవరూ కదపకుండా ఉండటం. వచ్చిన ఎరువులో పోషకాలు తక్కువే, కానీ తన బరువుకి కొన్ని రెట్ల నీళ్ళు పట్టుకుంటుంది. నారు పోసే కుండీలకి దీన్ని మించింది నాకు ఇంతవరకు దొరకలేదు. మా పెరట్లో ఇప్పుడు ఇలాంటి చుట్టలు మూడున్నాయి. ఒకటి నిండుతుంటుంది, ఒకటి మాగుతుంటుంది, ఒకటి వాడకంలో ఉంటుంది.

వేడి కుప్ప మాత్రం ఒక్కటే ఉంచాను, విత్తనాలు పట్టిన కలుపు కోసం. 55 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని రోజులు ఉంటే చాలా రకాల కలుపు విత్తనాలు, తెగుళ్ళు చస్తాయి. కానీ కుప్ప నడుమ 60 ఉన్నప్పుడు అంచుల్లో 35 కూడా ఉండదు. అంచుల్లోది లోపలికి, లోపలిది అంచులకి మారేలా తిరగేస్తేనే లాభం. మురుగు మడ్డిని వరస కుప్పలుగా కంపోస్టు చేసే కేంద్రాలకి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన నియమం ప్రకారం 55 డిగ్రీలు కనీసం 15 రోజులు నిలవాలి, ఆ రోజుల్లో ఐదుసార్లు తిరగెయ్యాలి. ఇంటి కుప్ప మీద మనకి అంత నమ్మకం ఉండదు. అందుకే నులిపురుగులు పట్టి బుడిపెలు కట్టిన వేళ్ళని నేను ఏ కుప్పలోనూ వెయ్యను. తుంగగడ్డలు, గరిక వేళ్ళు ఎండలో నల్ల ప్లాస్టిక్ మీద పడి పూర్తిగా పెళుసెక్కితే తప్ప కుప్ప ముఖం చూడవు.

వెయ్యకూడనివాటిలో ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. కలుపుమందు కొట్టిన గడ్డి. 2000 ప్రాంతంలో అమెరికాలోని స్పోకేన్ అనే ఊళ్ళో, ఇళ్ళ నుంచి సేకరించిన గడ్డీ ఆకులతో చేసిన కంపోస్టు వేసిన తోటల్లో టమాటా, చిక్కుడు మొక్కల ఆకులు మెలికలు తిరిగిపోయాయి. కారణం క్లోపైరాలిడ్ అనే కలుపుమందు. చాలా మందులు కంపోస్టు వేడికి విరిగిపోతాయి, ఇది మాత్రం కుప్పంతా దాటుకుని వచ్చి కూడా కొద్దిపాటి మోతాదులోనే చిక్కుడు జాతి మొక్కలని దెబ్బతీస్తుంది. బయటి నుంచి గడ్డో పేడో తెచ్చుకుంటే ఈ అనుమానం ఉండాలి. తయారైన కంపోస్టులో మట్టి కలిపి రెండు కుండీల్లో చిక్కుడు గింజలు పెట్టి, మామూలు మట్టిలో మరో రెండు పెట్టి, మూడు వారాలు చూస్తే తెలిసిపోతుంది. లేత ఆకులు దొన్నెలా ముడుచుకుంటే ఆ కంపోస్టు కూరగాయలకి వద్దు. నా పెరటి ఆకు మీద నాకున్న నమ్మకంలో ఇదీ ఒక భాగం. దాని మీద ఏం పడిందో, ఏం పడలేదో నాకు తెలుసు.

పాముల మాట అత్తయ్య ఒక్కరే కాదు, అందరూ అంటారు. భయం ఉత్తిది కాదు. కదపని పెద్ద కుప్పల్లో, ముఖ్యంగా కొమ్మలు అడ్డదిడ్డంగా పడి ఖాళీలు ఉన్నచోట పాములు దూరతాయి. ఎలుకలు ఉంటే ఇంకా తప్పకుండా వస్తాయి. ఎలుకలు వచ్చేది అన్నం మెతుకులకీ, మాంసం ముక్కలకీ. అవి వెయ్యకపోతే సగం సమస్య తీరుతుంది. కుప్పని గుమ్మానికి దూరంగా, కింద సన్నకన్నాల మెష్ పరిచి వేసుకోవాలి. ఎప్పుడూ ఒట్టి చేతులు పెట్టకూడదు. నేను ముందు కర్రతో తట్టి, తర్వాతే పార వేస్తాను. దోమలకి నిలవ నీళ్ళు కావాలి, సరిగ్గా తడిసిన కుప్పలో అవి ఉండవు. ఆకులు నానబెట్టే డ్రమ్ముకి మాత్రం మూత ఉండాలి. కొబ్బరి చెట్లున్నవాళ్ళు కుప్ప తిరగేసేటప్పుడు బొటనవేలంత లావు తెల్ల పురుగులు వంకీ తిరిగి కనబడితే వదలకూడదు. అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు, పెద్దవైతే కొబ్బరి మొవ్వు తొలిచేస్తాయి. ఇక ముక్కుకి గుడ్డ. పొడిబారిన కంపోస్టు కదిపితే శిలీంధ్రాల రేణువులు లేస్తాయి. కంపోస్టులో, కుండీ మట్టిలో పెరిగే ఒక లెజియొనెల్లా బాక్టీరియా న్యుమోనియా తెప్పించగలదు. నీళ్ళు చిలకరించి, ముక్కూ నోరూ మూసుకుని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మా ఇంట్లో ఉబ్బసం ఉన్నావిడ మాత్రం కుప్ప తిరగేసే రోజు ఆ దరిదాపులకి రాదు.

మూడో ఏడాది జరిగిన నష్టం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. నల్లగా కనబడేసరికి కంపోస్టు అయిపోయిందనుకుని వంగ, మిరప నారుకి ధారాళంగా వేశాను. పది రోజుల్లో నారంతా పాలిపోయి పసుపు తిరిగింది. సగం కుళ్ళిన సరుకు మట్టిలో పడితే సూక్ష్మజీవులు మిగతా పని పూర్తి చెయ్యడానికి కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి. మొక్కకి మిగలదు. ఎదిగిన చెట్టు ఓర్చుకుంటుంది, నారు ఓర్చుకోలేదు. ఆ ఏడాది మిరప మళ్ళీ పోసుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి తడి కంపోస్టు గుప్పెడు ఒక కవర్లో వేసి మూతి బిగించి మూడు రోజులు ఉంచుతాను. తెరిస్తే మట్టి వాసన రావాలి. పులుపో అమ్మోనియానో తగిలితే ఇంకా మాగాలి. ముల్లంగి గింజలు పది చల్లి చూస్తే ఇంకా ఖాయం. నాలుగైదు రోజుల్లో మొలిచి, మొలక నిటారుగా నిలబడితే అది నారుకి పనికొస్తుంది. పండ్ల చెట్ల పాదుల్లో పైన పరచడానికైతే ఇన్ని పరీక్షలు అక్కర్లేదు.

కంపోస్టు తయారీలో సున్నం చల్లమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. వద్దు. క్షారం పెరిగితే నత్రజని అమ్మోనియాగా మారి ఎగిరిపోతుంది. బూడిదయినా గుప్పెడు మించకూడదు. కంపోస్టు త్వరగా అవ్వడానికని అమ్మే పొడులకీ నేను చోటు ఇవ్వను. కావలసిన సూక్ష్మజీవులు ఆకు మీదే ఉన్నాయి, అనుమానం ఉంటే పాత కుప్పలోంచి పారెడు తీసి వేస్తే సరిపోతుంది.

ఇంత చెప్పాక, కంపోస్టు వేస్తే ఇక వేరే ఎరువే వద్దని మాత్రం అనను. ఇంటి కంపోస్టులో నత్రజని ఒకటి రెండు శాతం ఉంటే గొప్ప, అది కూడా నెమ్మదిగా విడుదలవుతుంది. ఆబగా తినే వంగకీ టమాటాకీ పూత దశలో ఇంకా కావాలి. కంపోస్టు చేసే మేలు వేరు. మట్టి రేణువులు ఉండలు కట్టుకుంటాయి, వేరు తేలిగ్గా దిగుతుంది, రెండు రోజులకోసారి పెట్టే నీళ్ళు మూడు రోజులకోసారి సరిపోతాయి. మంచిదే కదా అని ఏటేటా అరడుగు మందం వేసినా తప్పే. పేడ ఎక్కువగా ఉన్న కంపోస్టు అలా వేస్తూపోతే మట్టిలో భాస్వరం పేరుకుపోతుంది. ఏడాదికి అంగుళం మందం పైన పరిచి, తవ్వకుండా వదిలేస్తే మిగతా పని వానపాములే చూసుకుంటాయి.

మూడడుగుల చోటు కూడా లేదనేవాళ్ళకి నా దగ్గర ఇంకో మార్గం ఉంది. కుప్పే వద్దు. ఊడ్చిన ఆకులని తీసుకెళ్ళి చెట్ల పాదుల్లో, మొదలుకి బెత్తెడు దూరం వదిలి, మూడు నాలుగు అంగుళాల మందాన పరిచెయ్యండి. ఎండ నేలకి తగలదు, కలుపు లేవదు, అడుగు పొర దానంతటదే చివికి మట్టిలో కలుస్తుంది. చూడటానికి శుభ్రంగా ఉండదనే మాట వస్తుంది. నున్నగా ఊడ్చిన నేల అందంగా ఉంటుందని మనకి అలవాటయిపోయింది. చెట్టు కింద ఆకు ఉండటం నాకిప్పుడు వింతగా కనిపించదు, ఆకు లేని నేలే బోసిగా కనిపిస్తుంది.

గోడ అవతలివాళ్ళని పోయిన వారం మూడోసారి కదిలించాను. ఈసారి కంపోస్టు గురించి మాట్లాడలేదు. "మా ఇంట్లో ఊపిరాడట్లేదండీ, కాల్చేబదులు ఆ ఆకులు సంచుల్లో పెట్టి గోడ మీద ఉంచండి, నేను తీసుకుంటాను" అన్నాను. ఆదివారం రెండు సంచులు వచ్చాయి. అడుగున రెండు చాక్లెట్ కాగితాలు ఉంటే ఏరేసి, ఆకులని డ్రమ్ములో వేశాను.

నిన్న రెండేళ్ళనాటి చుట్ట తెరిచాం. నడుము ఎత్తున్న ఆకులు మోకాలి దాకా అణిగిపోయాయి. జల్లెడ అత్తయ్యే పట్టారు, ఆ పని ఇప్పుడు ఇంకెవరికీ ఇవ్వరు. కింద గోతం మీద నల్లగా, పొడిపొడిగా పడుతోంది. పైన మిగిలినవి కరగని మామిడాకు ఈనెలు, నాలుగు పుల్లలు, ఎప్పుడో ఊడిపడ్డ బట్టల క్లిప్పు ఒకటి. క్లిప్పు కడిగి తీగకి పెట్టారు. ఈనెలూ పుల్లలూ గంపలోకి ఎత్తి, పక్కింటి ఆకులతో మొదలవుతున్న కొత్త చుట్ట అడుగున పరిచారు.